అత్తమ్మ విత్తనం, మామ తెల్లరాయి

ఆర్మూరోళ్లకు రాయంటే కొత్త గాదు. ఎటు జూసినా గుట్టలే, గుట్టల మీద గుండ్లే. అవన్నీ బూడిద రంగువి, ఎండలకు కాలి కాలి నల్లబడ్డవి. మా చేన్లున్న రాయి మాత్రం వేరే. అది తెల్లది. గుట్ట మొదట్ల బయటపడి, మా పసుపు చేను నడిమిట్ల నుంచి ఏటవాలుగ పోయి, వాననీళ్లు పారే వొర్రె దగ్గర మట్టిల మునిగేది. ఎవరో సున్నంతోని గీత గీసినట్టు ఉండేది. దున్నేటప్పుడు నాగలి కర్రు దానికి తగిలి కీసుమనేది. మా ఎడ్లకు గూడ ఆ జాగ ఎరుకే. అక్కడికి రాంగనే తమంతల తామే అడుగు నెమ్మది చేసేవి. పల్గురాయి అంటరు దాన్ని. పగలగొడితే గాజు పెంకు లెక్క కోసుకుంటది.

నేను కాపురానికి వచ్చిన కొత్తల అత్తమ్మ నన్ను చేనుకు తోలుకపోయింది. రాయి చూపెట్టనీకె గాదు, పసుపు చూపెట్టనీకె. "గీ విత్తనం నేను తెచ్చిందే పిల్లా" అన్నది.

అత్తమ్మ తల్లిగారిల్లు కమ్మర్‌పల్లి దిక్కు. పెండ్లయి బండెక్కేటప్పుడు వాళ్లమ్మ అందరి లెక్కనే ఒడిబియ్యంల ఎండు కొమ్ములు పెట్టిందట. పెట్టి ఊకోలేదు. ఒక గంప పచ్చి విత్తనం గూడ బండి వెనుక కట్టిందట. "బియ్యం వండుకుంటే ఒడుస్తయి, గిది ఒడువది" అన్నదట. అప్పటి సంది అత్తమ్మ ఆ విత్తనాన్ని ఏటేటా పెట్టి, తవ్వి, మళ్ల పెట్టుకుంట వస్తున్నది. పంట తవ్వంగనే మంచి కొమ్ములు తన చేతులతోనే ఏరేది. చింతచెట్టు నీడల కుప్ప పోసి, పైన పసుపాకు కప్పి, పేడ కలిపిన మట్టితోని అలికేది. మిర్గం కార్తె వచ్చి వాన పడేదాక ఆ కుప్ప మీద కోడిని గూడ ఎక్కనియ్యకపోయేది. మిగిలిన పసుపంతా కడాయిల ఉడకబెట్టుడే. ఉడికిస్తేనే అంగట్ల అమ్ముడుపోతది. ఉడకకుంటేనే భూమిల మొలుస్తది. ఆ రెండు కుప్పలు కలవకుంట నడుమ అత్తమ్మ కావలి.

కొమ్ము విరిస్తే లోపల గుడ్డు సొన రంగు. వాసన చేతికి అంటితే తెల్లారి గూడ ఉండేది. వాళ్లమ్మ సచ్చిపోయింది. తల్లిగారింట్ల అన్నదమ్ములు పసుపు మానేసి మక్కజొన్న ఏసుకున్నరు. ఇగ ఆ తల్లి చేతి విత్తనం మిగిలింది మా చేన్ల ఒక్కకాడనే. అత్తమ్మ ఈ మాట పైకి అనకపోయేది గని, విత్తనం ఏరేటప్పుడు ఆమె మొకం చూస్తె సమజయ్యేది.

ఎనభైల ఆఖర్ల, పసుపు తవ్వే రోజుల్ల, మా చేను కాడ ఒక జీపు ఆగింది. అండ్లకెల్లి ఒక సన్నపాటి సారు దిగిండు. సముద్రం దిక్కు మనిషి, మాట మాటకు 'అండి' అంటుండు. భుజానికి సంచి, చేతుల సుత్తె, మెడల దారానికి చిన్న భూతద్దం.

"పెద్దాయనా, ఈ చేను మీదేనాండి?" అన్నడు మా మామను.

"మాదే సారు. రోడ్డు గిట్ల పడ్తదా ఏంది?"

"రోడ్డు కాదండి. రాళ్లు పరీక్షించే సర్కారు ఆఫీసు నుంచి వచ్చాను, ఈ తెల్లరాయి సంగతి చూద్దామని."

"దాని సంగతి నన్నడుగు. మా తాతల సంది మా కర్రులు అరగదీస్తున్నది. తీస్కపోతవా? తీస్కపో. బండి గూడ నేనే కడ్త."

సారు నవ్విండు. సుత్తెతోని ఒక ముక్క కొట్టి, నాలికతోని తడి చేసి, అద్దం కంటికి ఆనించి చూసిండు. అత్తమ్మ కొమ్ములు తెంపుకుంటనే అన్నది, "ఉప్పు సరిపోయిందా సారూ?" తవ్వేటందుకు వచ్చిన ఆడోళ్లంత గొల్లుమన్నరు. సారు గూడ నవ్వి, తడి చేస్తె లోపలి మెరుపు మంచిగ కనపడ్తదని చెప్పిండు. ఆ రాయికి అక్కడక్కడ తుప్పు రంగు గూళ్లున్నయి, తేనెతుట్టె లెక్క. ఆ గూళ్లను వేలితోని చూపెట్టి, ఇక్కడ ఒకప్పుడు ఇనుము కలిసిన ఏదో ఉండె, అది కరిగిపోయి గూడు మిగిలింది అన్నడు. బంగారం ఉంటే గింటి గూళ్లల్లనే చిక్కుకొని ఉంటదట.

బంగారం అనే మాట మా చేన్ల మొదలుపడ్డది గప్పుడే. మామ చేతిల పార అట్లనే ఆగింది.

మామ గురించి ఒక మాట చెప్పాలె. ఆయనకు ఆశ జాస్తి. చెడ్డోడు గాదు, తాగుబోతు గాదు. ఆకాశంల ఒక్క మబ్బు కనపడితే చాలు, పంటంత ఇంటికొచ్చినట్టే మాట్లాడేటోడు. రాకపోతే, వచ్చే యేడు వస్తది అనేటోడు. అసుంటి మనిషి చెవుల ఈ మాట పడ్డది.

"రాయిల బంగారమెట్ల వస్తది సారు?" అని అడిగిండు.

సారు కట్ట మీద కూసోని ఇప్పి చెప్పిండు. భూమి అడుగున మస్తు వేడి ఉంటదట. అక్కడి నీళ్లు సల సల కాగి, రాళ్ల పగుళ్లల్లకెల్లి పైకి ఎక్కుతయట. పైకి రాంగ రాంగ సల్లారి, ఆ పగుళ్లల్లనే తెల్లగ గడ్డగడ్తయట. గదే ఈ పల్గురాయి. బంగారం ఉంటే ఆ నీళ్ల వెంటనే వచ్చి ఉండాలె. లేకుంటే వట్టి తెల్లరాయే.

అత్తమ్మ అంతా విని, "అంటే ఉడికిన రాయన్నట్టు" అన్నది. "ఉడికినదాంట్ల ఇంకేం మొలుస్తది?"

మామ ఆమె మొకం దిక్కు సూడనే లేదు.

సారు నాలుగు జాగలల్ల ముక్కలు కొట్టుకున్నడు. కొన్ని గుడ్డ సంచులల్ల కట్టి హైద్రాబాదుకు పరీక్షకు పంపుతా అన్నడు. ఒక్క ముక్కను ఇక్కడనే నూరి, నీళ్లల్ల కడిగి చూస్తా అన్నడు. నూరే ఇనుప రోలు బస కాడ ఉండె. జీపు అప్పటికే ఇంకో సారును తీస్కొని పోయింది. "మీ ఇంట్లో రోలుందాండి?" అన్నడు.

మా ఇంట్ల రోలుండె. గని దాన్ని ముట్టరాదు. మా ఆడబిడ్డ లగ్గం దగ్గర పడ్డది, ముందు రోజే పసుపు దంచినం. ముత్తైదువలు రోటికి, రోకలికి కంకణం గట్టి, బొట్లు పెట్టి, పాటలు పాడి దంచిన్రు. గట్ల దంచినంక లగ్గం ఒడిసేదాక ఆ రోట్ల ఇంకోటి ఎయ్యరు. బియ్యపు గింజ గూడ ఎయ్యరు. "గుట్ట రాయి ఎయ్యాల్నా? నా బిడ్డ లగ్గం రోట్లెనా?" అని అత్తమ్మ లేసింది. ఇరుగుపొరుగు ఎవరింటికి పోయినా గదే తీరు ఉండె. లగ్గాల రోజులు, ఒకరింట్ల కాకుంటే ఒకరింట్ల కంకణం.

మా వాడకట్టుల ఒక అవుసులాయన ఉండేటోడు. నగలు చేసుకొని బతికినోడు. ఆయన పోయినంక పెండ్లాం నవీపేట్ల బిడ్డ దగ్గరికి పోయింది. వాళ్ల పాత ఇల్లు కూలి, గోడ పక్కపొంటి ఒక రాతి రోలు పడి ఉండె. కోళ్లు అండ్ల వాననీళ్లు తాగేవి. మా ఇంటాయన దాన్ని బండ్లె ఏసుకొని బాయి కాడికి తెచ్చిండు. మామ రెండు చెంబులు పోసి గబగబ కడిగిండు. రోలు అడుగంత గుంతలు, సన్నటి పగుళ్లు. అండ్ల నల్లటి మడ్డి ఉండనే ఉండె. రోలే గద, ఎవరిదైతే ఏందనుకున్నం.

రాయిని పొడి చేసిన్రు. సారు ఆ పొడిని అంచులు వాలిన ఇనుప తట్టల పోసి, బాయి తొట్టిల ముంచి, తిప్పుడు మొదలువెట్టిండు. చేటల బియ్యం చెరిగినట్టే, గని నీళ్లల్ల. తెల్లపొడి నీళ్ల వెంట పోయింది. నల్ల ఇసుక సన్న తోక లెక్క మిగిలింది. ఆ తోక కొనకు రెండు మూడు పచ్చటి నలుసులు.

"నీ చేతుల పసుపే అంటింది సారు" అన్నది అత్తమ్మ.

"కాదమ్మా. పసుపైతే నీళ్లతో పోతుంది. ఇది పోవట్లేదు." సారు గొంతు మారింది. మళ్ల తనే తమాయించుకొని మామతోని అన్నడు, "ఇది పైపై చూపండి. లెక్కలోకి రాదు. హైదరాబాదు నుంచి జవాబు రావాలి. నిజంగా ఉంటే మాత్రం ఈ చేను చేనులా ఉండదు."

ఇన్ని మాటలల్ల మామకు ఇనవడ్డది ఆఖరిదొక్కటే.

లగ్గం అయింది. అత్తమ్మ మా ఆడబిడ్డ వెంట ఆమె అత్తగారింటికి పోయింది. కొత్త పిల్ల బెదురుకుంటదని తోడు ఉండవోయింది. ఇక్కడ మా పసుపు ఉడికించే పొయ్యి ఆఖరికి వచ్చింది. ఇంకో వాయి ఏస్తె ఆర్పేసుడే. ఆ పొద్దు మామ గడ్డపార పట్టుకొని చింతచెట్టు కిందికి నడిచిండు.

"మామా, అవి విత్తనపువి" అన్న నేను.

"ఎరుకే."

మా ఇంటాయన ఉరికొచ్చిండు. "నాయినా, అమ్మను రానియ్యరాదు!"

"వస్తె ఏం జేస్తది? ఏడ పెడ్తది విత్తనం? మిర్గం నాటికి ఆ చేన్ల కందకాలు తవ్వుతరు, మిషన్లు దింపుతరు. మొలిచినంక తొక్కించుకునుడు మంచిగుంటదా? అంగట్ల పచ్చి కొమ్ము ఎవడు కొంటడు? పొయ్యి ఆరినంక ఉడికించేదెట్ల?" మామ నవ్వుతుండు. సంబురం నవ్వే అది. "మీ అమ్మకు నేను చెప్త తీ. బంగారం పండే జాగల పసుపు ఏందిరా!"

ఎండి పెచ్చుగట్టిన పేడమట్టిని గడ్డపారతోని పగలగొట్టిండు. లోపల కొమ్ములు సల్లగ, మొలక కండ్లు అప్పుడప్పుడే ఉబ్బుతున్నయి. గంపలకెత్తి కడాయిల పోసిన్రు. ఆవిరి లేసింది. వాసన ఊరిదాక పోయింది.

అత్తమ్మ వచ్చింది. చెప్పులు ఇడవకముందే చింతచెట్టు కింద పగిలిన మట్టి పెచ్చులు చూసింది. ఎండబోసిన కాడికి పోయి ఒక కొమ్ము తీసుకొని గోరుతోని ఒత్తింది.

"ఉడికింది" అన్నది. గంతే.

మామ చేను గురించి, బంగారం గురించి ఏదేదో చెప్పవట్టిండు. ఆమె కాళ్లు కడుక్కొని లోపలికి పోయింది. వానలు పడేదాక మామతోని మాట్లాడలే. అన్నం పెట్టేది, ముందల నిలబడేది, గని నోట మాట లేదు.

ఎండాకాలంల కందకం తవ్విన్రు. తెల్లరాయికి అడ్డంగ, మనిషి లోతుల. తట్టలు మోసేటందుకు నేను గూడ పోయిన. కందకం గోడల రాయి ఎట్ల పోతుందో మంచిగ కనవడ్డది. రెండు దిక్కుల నల్లరాయి, నడుమ తెల్లది. సార్లు ఉలితోని దాన్ని పట్టీ లెక్క చెక్కి, పొడి చేయించి, ఆ పొడిని కుప్ప పోసి నాలుగు పాళ్లు చేసేటోళ్లు. ఎదురెదురు పాళ్లు పారేసి, మిగిలినవి కలిపి మళ్ల కుప్ప పోసేటోళ్లు, పరీక్షకు ఒక్క సంచెడు మిగిలేదాక. అన్నదమ్ముల పంపకం లెక్కనే ఉండె. ఈసారి అంత వాళ్ల ఇనుప రోట్లెనే దంచిన్రు.

తర్వాత మూడు కాళ్ల మిషను వచ్చింది. భూమికి తొర్ర పొడిచి, రాతి కడ్డీలు బయటికి తీస్తది. ఆ కడ్డీలను చెక్కపెట్టెలల్ల వరుసగ పేర్చేటోళ్లు, ఏ లోతులది ఆ జాగల. మామ పొద్దంత ఆ పెట్టెల కాడనే. నల్ల కడ్డీ, నల్ల కడ్డీ, నడుమ తెల్లది వస్తె లేసి నిలబడేటోడు. పైన నా చెయ్యంత మందమున్న రాయి, కింద ఏలంత అయింది. ఇంకా కింద దారం లెక్క.

"లోపలికి పోయేకొద్దీ సన్నబడుతోందండి" అన్నడు సారు. అటెన్క చేను దిక్కు చూసి, "విత్తనం ఎప్పుడు పెడతారు? కందకం వదిలేసి మిగతా దాంట్లో పెట్టుకోవచ్చు, మాకేం అడ్డం లేదు" అన్నడు.

మా ఇంటాయనే చెప్పిండు, విత్తనం ఉడకబెట్టినమని. సారు మొకం తెల్లబోయింది. "అయ్యో, చేను తీసుకుంటామని నేను అనలేదే!"

"అనలే" అన్నడు మామ. "నేనే అనుకున్న."

మిర్గం వచ్చింది. ఊరంత విత్తనం పెడుతుంది. అత్తమ్మ నన్ను తీసుకొని నందిపేట్ బస్సెక్కింది. ఎన్నడో ఒక చుట్టపామె అత్తమ్మ దగ్గర ఒడినిండ విత్తనం తీస్కపోయింది. ఆమె దగ్గర ఉంటదని ఆశ. బస్సుల అత్తమ్మ నాతోని ముచ్చట పెట్టింది, శాన రోజులకు. ఒక్క గంప దొరికితే చాలు, రెండేండ్లల్ల చేను నిండ చేస్త అన్నది. పోయేసరికి ఆ చుట్టపామె మక్కలు ఒలుస్తున్నది. "వదినా, నీ విత్తనానికి కుళ్లు పట్టింది గద. పోయినేటి వానలకు భూమిల ఉన్నదున్నట్టే గంజి అయింది. నీ దగ్గర ఉంటదని నేనే వద్దామనుకుంటున్న" అన్నది.

మళ్ల బస్సు. మళ్ల ఆర్మూర్. మా చేన్ల గూడ మక్క పడ్డది.

దసరా పోయినంక సారు వచ్చిండు. జీపు దూరంల ఆపి నడిచి వచ్చిండు. అప్పుడే సమజయింది. "లేదు పెద్దాయనా. కందకంలో లేదు, కడ్డీల్లో లేదు. వట్టి తెల్లరాయే. మొదటి రోజు తట్టలో కనిపించింది ఏమిటో నాకూ అంతుపట్టట్లేదు" అన్నడు. కందకం పూడిపిస్తా అన్నడు. మామ వద్దన్నడు. "ఉండనియ్యి సారు. నేను చూసుకుంట." సారు జీపు దిక్కు నడిచి పోయిండు. మళ్ల ఎన్నడు రాలే.

మామ తనే మొదలువెట్టిండు. కందకంల రాయి కొట్టుడు, బాయి కాడ పడున్న అవుసులోళ్ల రోట్లె దంచుడు, ఇంటి ఇనుప తట్టల కడుగుడు. మొదట్ల కనవడ్డయి. ఒక నలుసు, ఒకసారి రెండు. పిలిచి చూపెట్టిండు, నేను నా కండ్లతోని చూసిన. "హైద్రాబాదోళ్లకు చాతగాలే" అన్నడు. రాంగ రాంగ తక్కువైనయి. పది వాయిలు కడిగితే ఒకటి. అటెన్క అది గూడ లేదు. "పైన ఒడిసింది, లోపలికి పోవాలె" అని ఇంక కిందికి తవ్విండు.

ఆ అవుసులాయన పెండ్లాం, మా ఆర్మూర్ అంగడికని ఒకపారి నవీపేట్ నుంచి వచ్చింది. మా అత్తమ్మను చూసిపోదామని బాయి కాడికి వచ్చి కూసున్నది. రోలును చూసి చెయ్యితోని తడిమింది.

"గిది మా రోలు గాదే అక్కా?"

"మీదే. కోళ్లు తాగుతుంటె తెచ్చుకున్నం."

"అయ్యో, మా ఆయన పానమే దీని మీద ఉండె. బంగారం కరిగించి పగిలిన మూసలు, కుంపటి బూడిద అన్ని ఏరి దీంట్లనే దంచేటోడు. కడిగితే నలుసంత బంగారం ఎల్లేది. గుంతలల్ల ఇరుక్కున్నది మాత్రం ఎంత కడిగినా రాకపోయేది, దాన్నే తిట్టేటోడు."

నేను మామ దిక్కు చూసిన. మామ తట్టను పక్కకు పెట్టి, ఆ రోటి అడుగులకు వంగి చాలాసేపు చూసిండు. ఏలు పెట్టి గుంతలు గీకిండు. ఏలు సాఫ్‌గ వచ్చింది. ఆయన దంచిన రాయితోని అవన్ని ఎప్పుడో అరిగి కడుక్కుపోయినయి.

"అగో" అన్నడు.

తెల్లారి మళ్ల పోయిండు, కందకంలకే. ఉలి సప్పుడు ఇంటిదాక ఇనవచ్చింది. మా ఇంటాయన పోయి కోపం చేసిండు, "నాయినా, రోటి సంగతి ఇన్నవు గద!" మామ తల ఎత్తకుంట అన్నడట, "ఇన్న. గని రాయి గూడ రాయే గదరా." ఇడిసిపెట్టినం.

ఏండ్లు పోయినయి. మేమిద్దరం అత్తాకోడండ్లం బీడీలు చేసుకుంట కూసునేటోళ్లం. అత్తమ్మ చేతివేళ్లు పసుపు కొమ్ములు ఏరిన తీరుగనే తునికాకు ఏరేటివి. ఒక వానకాలం చేను కాడికి పోతె, కందకం గడ్డ మీద, పారబోసిన రాళ్ల నడుమ ఒక మొలక. వెడల్పు ఆకు, నడుమ ఈనె. పసుపాకే. అత్తమ్మ వొంగి ఆకును నలిపి వాసన చూసింది. ఇంటికిపోయి చెంబు తెచ్చింది.

అక్కడి సంది దినాం పోయేది. చుట్టు రాళ్లు పేర్చింది, మేకలు ముట్టకుంట కంప పెట్టింది. ఆనాడు విత్తనపు కుప్ప పగలగొట్టినప్పుడు ఒక కొమ్ము దొర్లి ఉండొచ్చు గదా అని నా మనసుల గూడ ఉన్నది. ఆకు పెరిగింది, చలికాలం వచ్చింది, ఆకు ఎండింది. తవ్వే రోజు వచ్చింది.

అత్తమ్మ ఖుర్పితోని మెల్లగ మట్టి తీసింది. నేను పక్కన కూసున్న. కందకం లోపల మామ ఉలి కొడుతనే ఉన్నడు. చిన్న దుంప బయటవడ్డది. అత్తమ్మ మట్టి రాల్చి, రెండు చేతులతోని విరిచింది. లోపల తెల్లగ ఉన్నది. అడవిల మొలిచే రకం. ఎన్నడో వానకు గుట్ట మీదికెల్లి కొట్టుకొచ్చి ఉంటది. వాసన చూసి నా చేతిల పెట్టింది. మట్టి వాసన తప్ప ఇంకేం లేదు.

ఉలి సప్పుడు ఆగింది. కింద నుంచి మామ గొంతు.

"ఏమన్న దొరికిందా?"

అత్తమ్మ చేతులు చీర కొంగుకు తుడుచుకున్నది. మా ఆడోళ్ల కొంగులు ఒకప్పుడు ఏ కాలం చూసినా పచ్చగ ఉండేవి.

"తెల్లదే" అన్నది.

కొద్దిసేపటికి ఉలి సప్పుడు మళ్ల మొదలైంది.